ఆకాశం చేతులు మారిన పూట

ఆకాశం కాపలాని మిలటరీ వాళ్ళ చేతిలోంచి తీసి పౌరశాఖ గుమాస్తాల చేతిలో పెట్టబోతున్న వారంలో, ఎల్డన్ ప్రాట్ అనే లెక్కలాయన తను రోజూ తాగే కొట్లోనే కాఫీ తాగి, కప్పు కింద పెట్టకుండానే ప్రాణం వదిలాడు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. ఆగక ఏం చేస్తుంది, కాఫీలో కలిపింది అలాంటిది మరి.

ఆ సంగతి ఏజెంట్ డీలియా రస్క్‌కి చెప్పినవాడు కర్నల్ ఆర్లో బ్రెనన్. కొలరాడో కొండల కింద, కిటికీ అన్నదే లేని గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. డీలియాకి యాభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు ఆమె కూడా ఆ కొండల్లోనే, ఎల్డన్ పక్క కుర్చీలో, ఆకాశానికి కాపలా కాసిన మనిషి. అందుకే ఆ కబురు వినగానే కళ్ళు తడిశాయి. తరవాత గూఢచారి పనిలోకి వెళ్ళింది. "వడ్రంగిపిట్ట" అన్నది ఆమె మారుపేరు. ఒకచోట పట్టిందంటే తొలిచేదాకా వదలదని పెట్టారు.

పైన తిరిగేవి ఒకటా రెండా? పనిచేసే శాటిలైట్లు, పనిమానేసిన శాటిలైట్లు, చచ్చిన రాకెట్లు, విరిగిన రేకులు. ఏది దేనికి ఎదురొస్తోందో కనిపెట్టి, "బాబూ, మీరు కాస్త జరగండి" అని సొంతదారులకి కబురు పెట్టే పని ఇన్నేళ్ళూ మిలటరీదే. యుద్ధం చేసేవాళ్ళు యుద్ధం చూసుకోండి, నాలుగు రోడ్ల కూడలిలో పోలీసు పని ఇంకొకరు చూసుకుంటారు అని రాజధానిలో తేల్చారు. మాట సబబే. కానీ కర్నల్ మొహం మాత్రం, కోడలికి తాళంచెవులు ఇవ్వాల్సొచ్చిన అత్తగారి మొహంలా ఉంది.

"లాంతరు ముఠా పేరు వినే ఉంటావు," అన్నాడు. పరాయిదేశం వాళ్ళ ముఠా అది. తమ పన్నాగం లెక్కల్లో పసిగట్టాడని ఎల్డన్‌ని చంపింది వాళ్ళే. అప్పగింతల రోజున ఏదో చెయ్యబోతున్నారు. లోపలి మనిషి సబీన్ మార్షాండ్ అని అనుమానం.

డీలియా కుర్చీ ముందుకి లాక్కుంది. సబీన్‌ని ఈ పనిలోకి తెచ్చింది తనే. పట్టు స్కార్ఫూ, ఎర్రటి పెదవులూ, నాలుగు భాషలూ ఉన్న మనిషి. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసేది. ఇప్పుడు పౌరశాఖకి కన్సల్టెంట్ వేషం.

"అది మనమ్మాయే కదండీ," అంది.

"అటూ ఇటూ తినేవాళ్ళు ఎవరి మనుషులూ కాదు. నువ్వు దాన్ని కనిపెట్టి ఉండు, చాలు. నేను చెప్పేదాకా వేలు కదపొద్దు. చెప్పినప్పుడు పట్టుకో."

ఏం చెయ్యబోతున్నారో తెలుసా అని అడిగితే, అది నీకు అనవసరం అన్నాడు. ఈ పనిలో ఆ మాట కొత్తా ఏమిటి, డీలియా ఊరుకుంది. అక్కడే ఊరుకోకుండా ఉండాల్సింది.

అప్పగింతల రోజు వచ్చింది. కొండ కింద గదుల్లో కాదు, కొండ బయట కట్టిన ఆఫీసులో వేడుక. ఆ దేశంలో పెళ్ళయినా, రిటైర్మెంటయినా, ఉద్యోగం పీకేసినా ఆఫీసులో కేకు కొయ్యాల్సిందే. డీలియా ఏప్రన్ కట్టుకుని, నెత్తికి వల పెట్టుకుని, కేకులావిడ వేషంలో చక్రాలబండి తోసుకుంటూ లోపలికొచ్చింది. కళ్ళజోడులో కెమెరా, చెవిలో మాటలు వినిపించే గింజంత యంత్రం. ఆ రెండిటికన్నా గొప్ప సాధనం ఇంకోటుంది. ఏప్రన్ కట్టుకున్న యాభై దాటిన ఆడమనిషిని ఎవరూ చూడరు. కళ్ళు ఆమె మీదుగా కేకు మీదకి జారిపోతాయంతే.

కేకు మీద నీలిరంగు క్రీముతో భూగోళం వేశారు. కొండగాలికి గుమ్మం పక్క జెండా టపటపలాడుతోంది. అటు గదిలో మిలటరీ కాపలా బల్ల, ఇటు గదిలో పౌరశాఖ కొత్త బల్ల, మధ్య హాల్లో రిబ్బను. అది కత్తిరిస్తే ఆకాశం చేతులు మారినట్టు.

మిలటరీ బల్ల దగ్గర చివరి కాపలా సార్జెంట్ వెండెల్ ఓక్లీది. నెరిసిన జుట్టు, కొయ్యలాంటి నడుము. వాళ్ళకో పద్ధతుంది. దిగేవాడు "కాపలా నీది" అంటాడు. ఎక్కేవాడు "కాపలా నాది" అని పైకి అనాలి. ఆ మాట చెవినపడేదాకా దిగేవాడు కుర్చీ వదలడానికి వీల్లేదు. ఇల్లు తగలబడుతున్నా సరే.

వెండెల్ లేచి నిలబడి, పౌరశాఖ డైరెక్టరుకి సెల్యూట్ చేసి, "కాపలా మీది సార్," అన్నాడు.

డైరెక్టరు మంచివాడే పాపం. ఆ పద్ధతులు తెలీవు. చెయ్యి ఊపుతూ, "చాలా థాంక్స్ అండీ, రండి రండి, అందరూ కేకు దగ్గరికి," అన్నాడు.

వెండెల్ అక్కడే నిలబడ్డాడు. ఏదో వినడానికి చూస్తున్నట్టుంది అతని మొహం. కర్నల్ వచ్చి భుజం మీద చెయ్యేసి, "చాల్లేవయ్యా ఓక్లీ, నీ పని అయిపోయింది," అని తీసుకొచ్చేశాడు. బల్లమీద దీపాలు ఆర్పించాడు. తాళం కార్డు కూడా తీసేసుకున్నాడు. డీలియా చూసింది కానీ, అప్పుడామె కళ్ళు సబీన్ కోసం వెతుకుతున్నాయి.

సబీన్ నింపాదిగా కేకు బండి దగ్గరికొచ్చింది. ఆకుపచ్చ స్కార్ఫు. హాలుకి ఆ మూల పెద్ద కెమెరాతో ఫొటోలు తీసేవాడొకడు ఆమె మీంచి చూపు తిప్పడం లేదు.

"ఇందులో వాల్‌నట్స్ ఉన్నాయా?" అంది. పాత సంకేతం.

"లేవమ్మా, పెకాన్ పప్పులే," అంది డీలియా ముక్క కోస్తూ.

సబీన్ పళ్ళెం అందుకుంటూ, పెదవులు కదిలీ కదలకుండా, "అంతా అయిపోయినట్టేగా? కర్నల్ ఆపేశాడుగా?" అంది.

డీలియా చేతిలో కత్తి కేకులో సగం దిగి ఆగింది. "ఏం ఆపేశాడు?"

అప్పుడు చెప్పింది సబీన్, క్రీము నాకుతూ, పైకి నవ్వుతూ. ఎల్డన్ చావు చూశాక తనకి నిద్రపట్టలేదు. మర్నాడే వెళ్ళి కర్నల్‌కి అంతా కక్కేసింది. ముఠా ఆలోచన ఇదీ: మిలటరీ బల్ల మూసేసే ముందు, మిలటరీ ముద్రతోనే ఒక దొంగ కబురు పైకి పంపాలి. "మెరిడియన్" అనే ప్రైవేటు స్టేషన్లో నలుగురు మనుషులున్నారు. చెత్త ఎదురొస్తోంది, పైకి జరగండని వాళ్ళకి చెప్పాలి. జరిగితే తిన్నగా ఒక చచ్చిన రాకెట్టు దారిలోకి వెళ్తారు. జరగొద్దని చెప్పేవాడు ఆ వేళకి ఏ బల్ల దగ్గరా ఉండడు.

"ఆ ఫొటోలవాడు ముఠా మనిషి. నా వీపుమీద కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. అందుకని నువ్వు ఏమీ ఎరగనట్టు పంపేసెయ్, కాపలా బల్ల దగ్గర నేను ఆపిస్తానన్నాడు కర్నల్. పంపేశాను, డీలియా. ఇందాకే."

"కాపలా బల్ల దగ్గర ఎవరూ లేరే," అంది డీలియా.

ఇద్దరూ ఒక్కసారే తలెత్తి చూశారు. కర్నల్ కిటికీ దగ్గర నిలబడి, కాఫీ తాగుతూ, గోడ గడియారం వంక చూస్తున్నాడు. తొందరేం లేదు ఆ మనిషికి. నలుగురూ పోతే, చూశారా, గుమాస్తాల చేతిలో పెట్టిన మొదటి పూటే ఏమైందో అనొచ్చు. వాళ్ళ కన్సల్టెంటే గూఢచారి అని చూపించొచ్చు. తాళంచెవులు మళ్ళీ తన మొలకే వస్తాయి. అందుకే డీలియాని పిలిపించాడు, పని జరిగాక సబీన్‌ని పట్టివ్వడానికి. ముఠావాడు చేసింది శత్రువు పని. ఇది ఇంటిమనిషి పని.

చెవిలో గింజ గరగరమంది, కర్నల్ గొంతు. "వడ్రంగిపిట్టా, ఏమిటంతసేపు మాటలు? నీ చోటు కదలకు."

డీలియా చెవిలోంచి దాన్ని తీసి పక్కనున్న పళ్ళరసం గిన్నెలో పడేసి, కత్తి చేతిలో ఉండగానే పౌరశాఖ గది వైపు నడిచింది. దారిలో వెండెల్ ముంజేయి పట్టుకుని, "రండి సార్జెంట్ గారూ," అని లాక్కుపోయింది. ఫొటోలవాడు వెంటపడబోయాడు. సబీన్ ఎంతో నాజూగ్గా కాలు అడ్డం పెట్టింది. వాడు కెమెరాతో సహా వెళ్ళి నీలిభూగోళం మీద పడ్డాడు. అయ్యో అయ్యో అంటూ నలుగురూ మూగారు. కెమెరా చీలి, లోపల దాచిన పిస్తోలు బయటపడ్డాక ఆ అయ్యోలు ఆగిపోయాయి.

కొత్త బల్ల దగ్గర ఒక్కతే పిల్ల కూర్చునుంది, నదీన్ ఫారో అని. కళ్ళనిండా నీళ్ళు. తెరమీద రెండు గీతలు, మెరిడియన్‌దొకటి, చచ్చిన రాకెట్టుదొకటి, కలవబోతున్నాయి. తెర పైన ఎర్రక్షరాలతో "పరీక్ష మాత్రమే". పక్కనున్న మీట నొక్కి అవి ఆర్పితే తప్ప ఆ బల్ల మాట చెల్లదు.

"డైరెక్టరు గారికి చెప్పానండీ. రిబ్బను కత్తిరించేదాకా మనం నోరెత్తకూడదన్నారు. మిలటరీ వాళ్ళకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు."

మెరిడియన్ కింది ఆఫీసువాళ్ళు లైన్లోనే ఉన్నారు. మిలటరీ ముద్రతో కబురొచ్చింది, ఇంజను వెలిగించబోతున్నాం, కాదంటే కాపలా ఉన్నవాళ్ళే కాదనాలి, ఇంతకీ కాపలా ఎవరిది అని అడుగుతున్నారు. అడిగినవాళ్ళది తప్పు కాదు.

డీలియా వెండెల్ వైపు తిరిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. "నేను ఇచ్చేశాను. ఎవరూ పుచ్చుకోలేదు. నన్నక్కణ్ణించి లేపేశారు."

"అయితే మళ్ళీ ఇవ్వండి. ఈ అమ్మాయికి."

గుమ్మంలో కర్నల్ కనబడ్డాడు. గొంతు పెంచలేదు. "అమ్మాయీ, నీకా అధికారం లేదు. ఆ మీట నొక్కితే నీ ఉద్యోగం ఉండదు. రస్క్, కత్తి కింద పెట్టు."

డీలియా కింద పెట్టలేదు. కేకు కోసే కత్తే అది, దాంతో వెన్న తప్ప తెగదు. అయినా గుమ్మానికి అడ్డంగా నిలబడి, కర్నల్ మొహంలోకి చూసింది. "నలుగురండీ," అంది.

"ఎల్డన్ ఒక్కడి కోసం నీ కళ్ళు తడవడం చూశాను, రస్క్. ఈ గుమాస్తాల పద్ధతి వస్తే ముందుముందు ఎంతమంది పోతారో నీకు తెలుసా?"

"తెలీదు. ఇప్పుడు పోయేవాళ్ళు తెలుసు."

వెనకాల వెండెల్ నిటారుగా నిలబడి, ఆ పిల్లకి సెల్యూట్ చేశాడు. "కాపలా నీది," అన్నాడు.

నదీన్ ఒక్కసారి కర్నల్ వంకా, ఒక్కసారి తెర వంకా చూసింది. కళ్ళు తుడుచుకుంది. "కాపలా నాది," అంది. మీట నొక్కింది. ఎర్రక్షరాలు ఆరిపోయాయి. ఫోన్లో గట్టిగా, అమ్మలాగా చెప్పింది: "కాపలా నాది. కదలొద్దు. ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి."

అటువైపు ఎవరో లెక్కపెడుతున్న గొంతు చివరంకె మీద ఆగిపోయింది. తెరమీద రెండు గీతలూ, వాకిట్లో ఎదురుపడి ఇష్టంలేక పలకరించుకోని దాయాదుల్లా, ఒకదాని పక్కనించి ఒకటి వెళ్ళిపోయాయి.

హాల్లో చప్పట్లు వినబడ్డాయి. రిబ్బను కత్తిరించారు.

తరవాతి సంగతులు చెప్పుకుంటే నోరు చేదు. ఫొటోలవాడు దొరికాడు, వాడితోపాటు లాంతరు ముఠా అంతా ఒక్కొక్కరే దొరికారు. అదంతా కర్నల్ బ్రెనన్ గారి ముందుచూపని పత్రికల్లో వచ్చింది. ఆయనకి పతకం వేశారు, పౌరశాఖకి పెద్ద సలహాదారుగా కూడా వేశారు. సబీన్‌ని జైల్లో పెట్టారు. నేను ముందే చెప్పానని ఆమె అంటే, ఎవరికి చెప్పావంటే, కర్నల్‌కి అంటే, ఆయన నాకు గుర్తులేదన్నాడు. డీలియా వెళ్ళి వాంగ్మూలం ఇచ్చింది. అది రహస్యం అని ముద్ర కొట్టి లోపల పెట్టేశారు. ముద్ర కర్నల్ ఆఫీసుదే. రిబ్బనుకి ముందే మీట నొక్కినందుకు నదీన్‌ని బల్లమీంచి తీసేసి, స్టేషనరీ కొనే విభాగంలో వేశారు. వెండెల్ అరిజోనాకి చెల్లెలింటికి వెళ్ళిపోయాడు.

డీలియా జైలుకి వెళ్ళి సబీన్‌ని చూసింది. అద్దానికి అటూ ఇటూ కూర్చున్నారు. సబీన్ జుట్టు దువ్వుకోలేదు. ఎవరేనా ఒక్క ముక్క మంచిగా అన్నారా అని అడిగింది. ఎవరూ అనలేదు అంది డీలియా. అబద్ధం చెప్పడం వాళ్ళిద్దరి వృత్తే, అయినా ఆ పూట చెప్పబుద్ధి కాలేదు.

"పైనున్న ఆ నలుగురూ?" అంది సబీన్.

వాళ్ళకి ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు. వాళ్ళ కంపెనీ నుంచి మాత్రం పౌరశాఖకి ఒక ఫిర్యాదు వచ్చింది. సరిగ్గా భోజనాల వేళ జరగమన్నారు, మళ్ళీ వద్దన్నారు, మా వాళ్ళ తిండి చెడింది, ఇకమీదట కాస్త నిలకడగా మాట్లాడండి అని.

డీలియా ఆ సంగతి చెప్పి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ లేచింది.

"పోన్లే," అంది. "బతికున్నవాళ్ళేగా ఫిర్యాదు చేసేది."