ఏలియా గారున్నారా?

మా నాన్న పోయాక కూడా ఆయన ఫోను బతికే ఉంది. దానికి నెలనెలా రీచార్జి చేయించేది నేనే. ఎందుకురా అని ఎవరూ అడగలేదు. అడిగేంత దగ్గరివాళ్ళు ఎవరూ లేరు.

నా పేరు రాబిన్. బెంగాల్లోని ఖరగ్‌పూర్ స్టేషన్‌లో పార్సిల్ క్లర్కుని. ఎక్కువగా నైట్ డ్యూటీలే పడతాయి. పొద్దున్నే క్వార్టర్‌కొచ్చి, కుక్కర్ పెట్టి, తిని పడుకుంటాను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మా నాన్న ఏలియా ఈ మార్చిలో పోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో నోరున్నవి రెండే, కుక్కరూ ఆ ఫోనూ.

ఫోనుకొచ్చేవన్నీ చెత్త కాల్సే. లోను కావాలా అని ఒకడు, ప్లాటు కొంటారా అని ఇంకొకడు. "ఏలియా గారున్నారా?" అంటారు. పోయారండీ అంటాను. టక్కున పెట్టేస్తారు. అయ్యో అన్న పాపాన పోరు. మా నాన్న చచ్చిపోయాడని రోజుకి రెండుసార్లు పరాయివాళ్ళకి చెప్పి, రెండుసార్లూ నా మొహం మీద ఫోను పెట్టించుకుని, నాకు విసుగెత్తిపోయింది.

అందుకే జూన్‌లో, తొలి వాన పడుతున్న రోజు, ఒక ఆడపిల్ల గొంతు తెలుగులో "ఏలియా గారున్నారా అండీ?" అంటే, "నేనేనమ్మా" అనేశాను.

అలా అనగానే ఒక వింత జరిగింది. అవతల ఫోను పెట్టెయ్యలేదు.

తన పేరు దివ్య అంది. ముంబై హెడ్డాఫీసు నుంచి అంది. నా పేరు మీద, అంటే మా నాన్న పేరు మీద, ఎప్పుడో ఆగిపోయిన ఇన్సూరెన్స్ పాలసీ ఒకటుందట. బోనస్‌తో కలిపి లక్షా ఎనభై వేలు ఇరుక్కుపోయి ఉన్నాయట. వాళ్ళ క్లెయిమ్ సర్వీసు ఆ డబ్బు బయటికి లాగి పెడుతుందట. ముందుగా ఫైల్ చార్జి నాలుగున్నర వేలు కడితే చాలట.

మా నాన్న జన్మలో పాలసీ కట్టలేదు. ఏజెంటు కనిపిస్తే వీధి మార్చేసేవాడు. కాబట్టి ఆ పిల్ల చెప్పేది అబద్ధమని మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. నేను చెప్పేదీ అబద్ధమే కదా. సరికి సరి అనుకుని, కాస్త దగ్గి, ముసలి గొంతు పెట్టుకుని, ముంబైలో వాన పడతందా అమ్మా అని అడిగాను. పడుతోంది సార్ అంది. ఇక్కడా పడతంది అన్నాను. ఫోనులో కూడా వాన చప్పుడే వినిపించింది.

మర్నాడు పది గంటలకి మళ్ళీ చేసింది. కళ్ళజోడు విరిగింది, నంబర్లు కనిపించట్లేదన్నాను. ఆ మర్నాడు పాస్‌బుక్కు కనిపించట్లేదన్నాను. తర్వాత బ్యాంకుకి సెలవన్నాను. ఆ రోజు నిజంగా సెలవే, పాపం ఆమే ఒప్పుకుంది.

వారం తిరిగేసరికి సార్ కాస్తా అంకుల్ అయ్యాడు.

"అంకుల్, వారం నుంచీ కళ్ళజోడే ఎతుకుతన్నారేటి?" అంది ఒకరోజు, విసుగులో అసలు భాష బయటపడి.

"ముంబైలో కూడా మనలాగే మాట్లాడతారేటమ్మా?"

మా అమ్మమ్మది శ్రీకాకుళమండీ అని పుస్తకం తెలుగులోకి సర్దుకుంది. ఆ సర్దుకోవడం నాకు భలే నచ్చింది. ఆ రోజు ఫోను పెట్టేశాక కూడా నవ్వుకుంటూనే గిన్నెలు కడిగాను. నాన్న పోయాక గిన్నెలు కడుగుతూ నవ్వడం అదే మొదలు.

నిద్ర మానుకుని పది గంటల దాకా కూర్చోవడం అలవాటైపోయింది. సిగ్గుచేటని తెలుసు. నాలుగున్నర వేలు గుంజడానికి ఫోను చేస్తున్న మనిషి కోసం గడియారం చూసుకోవడం ఏమిటి? కానీ నాతో రోజూ మాట్లాడే మనిషి ఈ ఊళ్ళో ఇంకెవరున్నారు? పార్సిల్ ఆఫీసులో దాదా అని పిలిచేవాళ్ళు పదిమంది ఉన్నారు. అన్నం తిన్నావా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఆమె అడిగింది. తిన్నాను అంటే, ఎవరు వండారని అడిగింది. నేనే అన్నాను. పిల్లలు లేరా అంది. ఒక కొడుకున్నాడమ్మా, రైల్వేలోనే అన్నాను.

"మరి సూడడా?"

"ఆడి డ్యూటీలు ఆడివి."

"డ్యూటీలు అందరికీ ఉంటాయంకుల్. ఆ నంబరిలాగివ్వండి, నేను తిడతాను."

సరదాకే అంది. నాన్న ప్రాణం పోయినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఆ సంగతి ఎత్తి నన్ను తిట్టినవాళ్ళెవరూ లేరు. ఎవరైనా తిడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. నంబరు ఇవ్వలేదు, ఇంకోసారి ఇస్తానన్నాను.

ఇదంతా ఇలాగే సాగేది, అప్పలనర్సమ్మ పెద్దమ్మ రాకపోతే.

పెద్దమ్మది మా పక్క క్వార్టరే. కొడుకు రైలు నడుపుతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఆమె ఒకరోజు ఫోను పట్టుకుని మా గుమ్మంలోకొచ్చి, నాలుగున్నర వేలు ఎలా పంపాలో తనకి నొక్కడం రాదు, కాస్త నొక్కిపెట్టమంది. పోయిన పెదనాన్న పేరు మీద పాలసీ ఏదో ఉందట, ముంబై నుంచి ఒక పిల్ల చేసిందట.

అది మోసం పెద్దమ్మా, కట్టకు అన్నాను. ఆమె నమ్మలేదు.

"మోసమైతే సదువుకున్నోళ్ళు ఎందుకు కడతారు బాబూ? మన రైల్వే పెద్దాయనే ఒకాయన రోజూ మాట్లాడి ఫైలు రాయించుకుంటన్నాడని ఆ పిల్లే సెప్పినాది."

ఆ రైల్వే పెద్దాయన ఎవరో నాకు తెలుసు. నేను తోచక ఆడిన అబద్ధాన్ని ఆ పిల్ల ఎరగా పట్టుకుపోయి పక్కింటి ముసలామెకి వేసింది. ఫోనులో ఏదో పాడైందని చెప్పి పెద్దమ్మ దగ్గర రెండు రోజులు గడువు సంపాదించాను. ఆమె మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. తన డబ్బు తనకి రాకుండా నేనే అడ్డుపడుతున్నాననుకుంది.

ఆ పూట నాకు నిద్రపట్టలేదు. ఆ పిల్లని తిడితే మళ్ళీ ఫోను చెయ్యదు. తిట్టకపోతే పెద్దమ్మ డబ్బు పోతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందని మీరంటారు. మీ ఇంట్లో మనుషులున్నారు కాబట్టి అంటారు.

మర్నాడు ఆమె ఆలస్యంగా చేసింది. అన్నం వేళయింది. సారీ అంకుల్, ఇవాళ లైన్లు బిజీ అంటూ మొదలుపెట్టింది. నేను మాట్లాడబోతుంటే వర్క్‌షాప్ సైరన్ మోగింది. ఊళ్ళో ఆ చివర తాల్‌బగీచా నుంచి ఈ చివర మలంచా దాకా అందరం పుట్టినప్పట్నుంచీ వింటున్న సైరన్ అది. ఆ మోత కిటికీలోంచి ఒక చెవిలో పడింది. ఫోనులోంచి రెండో చెవిలో పడింది.

సైరన్ ఆగింది.

"ముంబైలో మన వర్క్‌షాప్ సైరన్ ఇనపడతాదేటమ్మా?" అన్నాను.

ఆమె సర్దుకునేలోపే మళ్ళీ అందుకున్నాను.

"ఈ ఊరిదానివే కదా. ఈ ఊరి ముసలోళ్ళనే ముంచుతన్నావు. అప్పలనర్సమ్మ అనే ఆవిడకి ఫోన్ సేసినావు. పెనిమిటి పోయిన మనిషి. నువ్వు రాయించిన ఫైళ్ళలో ఒక్కరికైనా డబ్బొచ్చిందేమో సూసినావా?"

"అంకుల్, నేను..." అంది. అంతే. లైను కట్టయింది.

మర్నాడు పది గంటలకి ఫోను మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. లోనులవాడు చేస్తే, ఏలియా గారు పోయారని చెప్పాను. టక్కున పెట్టేశాడు.

మూడు వారాలు వానలు కురిశాయి. నేను తినడం, పడుకోవడం, డ్యూటీకెళ్ళడం, ఇంతే. పెద్దమ్మ డబ్బు మాత్రం మిగిలింది. ఆ పిల్ల తనే ఫోన్ చేసి, డబ్బు కట్టొద్దమ్మా అని ఏడ్చిందట. మంచి పిల్లే బాబూ, నువ్వే అనుమానించినావు అని పెద్దమ్మ నన్ను దెప్పింది.

జూలైలో ఒక ఆదివారం ఇంట్లో ఉండలేక చర్చికి వెళ్ళాను. నాన్నని సాగనంపాక మళ్ళీ అటు పోలేదు. బెంచీలో ఆయన చోటు ఖాళీగా ఉంటుందని భయం. వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను.

మా తెలుగు చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల వేళ ఉంటుంది. ఎవరైనా లేచి, తమకి జరిగిన మేలు అందరి ముందూ చెప్పుకోవచ్చు. పిల్ల పాసయిందనీ ఆపరేషన్ బాగా జరిగిందనీ చెబుతుంటారు. ఆ రోజు పాస్టరు సొలొమోను గారు, మలంచా నుంచి ఒక చెల్లెలు వచ్చింది, ఒక మాట చెబుతుంది అన్నారు. నీలం చీర కట్టుకున్న ఒక సన్నటి అమ్మాయి ముందుకెళ్ళి మైకు పట్టుకుంది.

"అందరికీ వందనాలు. నా పేరు షైని."

నా చెయ్యి బెంచీని పట్టుకుంది. పేరు కొత్తదే. గొంతు కొత్తది కాదు.

తాను చెప్పేది మేలు కాదు, తప్పు అంది. మలంచాలో ఒక ఆఫీసులో మూడు నెలలు పనిచేశానంది. తెలుగు రైల్వే కుటుంబాల లిస్టు చేతికిచ్చి, ముంబై నుంచని చెప్పమన్నారట. నిజంగా డబ్బు ఇప్పిస్తారనే అనుకుందట. ఒక పెద్దాయన అడిగాక ఫైళ్ళు తెరిచి చూస్తే, ఒక్క కాగితం కూడా ఎక్కడికీ పోలేదట. ఆ రోజే మానేసి పోలీసులకి రాసిచ్చిందట. ఆఫీసుకి తాళం పడింది. అప్పట్నుంచీ చర్చి చర్చికీ తిరిగి చెబుతోంది, ఇది మూడోది.

"మీ డబ్బు ఇప్పిత్తామని ఎవరైనా ముందు ఫీజు అడిగితే కట్టకండి. పాలసీ ఉంటే తిన్నగా ఆ కంపెనీ ఆఫీసుకే ఎల్లండి. కట్టేసినోళ్ళుంటే నాతో రండి, కంప్లైంట్‌లో పేరు రాయిత్తాను."

ముందు వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆమె తల ఎత్తలేదు.

"ఇంకో మాట. ఏలియా గారని ఒక పెద్దాయన ఉన్నారు. ఒంటరి మనిషి. నేను మోసం సేత్తన్నా నాతో మంచిగానే మాట్లాడినారు. ఆయన మీ చర్చివారైతే సెప్పండి. కాళ్ళు పట్టుకోవాల."

చర్చంతా ఒక్కసారి వెనక్కి తిరిగింది. అందరూ నన్నే చూశారు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, ఏలియా గారు మార్చిలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా అన్నారు.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "జూన్‌లో నాతో మాట్లాడినారండీ" అంది.

ఇక లేవక తప్పలేదు. లేచి నిలబడ్డాను.

"ఏలియా మా నాన్న. ఆయన ఫోను నా దగ్గరుంది. పోయారని సెప్తే అందరూ పెట్టేస్తన్నారు. అందుకే నేనేనని సెప్పినాను." అక్కడితో ఆపుదామనుకున్నాను, నోరు ఆగలేదు. "నాన్న పోయాక నాతో రోజూ మాట్లాడింది ఈవిడొక్కతే. తప్పు ఈవిడొక్కదాన్దే కాదు. నాదీ ఉంది."

అని కూర్చుండిపోయాను. ఎవరో ముసలమ్మ కిసుక్కున నవ్వింది. ఆ వెనకే ముక్కు చీదింది. పాస్టరు గారు వెంటనే పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట జోరున వాన. అందరూ వరండాలో గుంపులు కట్టి నిలబడ్డారు. షైని మాత్రం గేటు దగ్గర రేకు కింద ఒక్కతే ఉంది. ఆమె పక్కకి ఎవరూ పోవట్లేదు. ఒంటరిగా నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. గొడుగు తీసుకుని వెళ్ళాను.

"ముంబైలో వాన పడతందా?" అన్నాను, ముసలి గొంతు లేకుండా.

ఆమె నన్ను కిందా మీదా చూసింది. "దగ్గు తగ్గిపోనాదా అంకుల్?" అంది. కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

సారీ అని ఆమె అంది, సారీ అని నేనూ అన్నాను. ఫోనులో అంతలేసి మాటలాడినవాళ్ళం, ఎదురుగా నిలబడితే రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాం. ఆటో వచ్చింది. గొడుగు ఆమె చేతికిచ్చాను. ఆమె పుచ్చుకుంది, తిరిగి ఎప్పుడిస్తానని చెప్పకుండా ఎక్కి వెళ్ళిపోయింది. నేను తడుస్తూ ఇంటికొచ్చాను.

సోమవారం పొద్దున్న డ్యూటీ నుంచి వచ్చి కుక్కర్ పెట్టాను. పది గంటలకి నాన్న ఫోను మోగింది. ఎత్తాను.

"ఏలియా గారి అబ్బాయున్నారా?" అంది ఆ గొంతు.

ఇన్ని నెలల్లో ఆ ఫోనులో నన్ను అడిగినవాళ్ళు లేరు.

"ఉన్నాను" అన్నాను.

"ఆయన్ని తిడతానని ఆళ్ళ నాన్నగారికి మాటిచ్చినాను. అన్నం తిన్నాక తిట్టమంటారా, ముందేనా?"

"ఇంకా తిన్లేదు."

"సరే, తినండి. నేను లైన్లోనే ఉంటాను" అంది.

స్పీకరు పెట్టి ఫోనుని నాన్న కూర్చునే కుర్చీలో ఉంచి, కంచంలో అన్నం వడ్డించుకున్నాను.