హెర్నియా అని రాసిన చీటీ

2071 నాటికి విశాఖపట్నంలో పిల్లల ఆపరేషన్ అంటే తల్లిదండ్రులకు పెద్ద గుబులు లేదు. డాక్టర్ సుభాషిణి తయారుచేసిన కాపుదారం, అంటే స్మార్ట్ సూచర్, ఒంట్లో కరిగిపోయేలోగా కుట్టును కనిపెట్టుకుని ఉంటుంది. రక్తప్రసరణ తగ్గినా, కుట్టు బిగిసినా ఆ కబురు కాపరి అనే యంత్రానికి చేరుతుంది. ఏం చెయ్యాలో తండ్రి చేతి పట్టీలోంచి కాపరి తెలుగులో చెబుతుంది.

కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే మూత్రద్వారం చివర కాక కింది వైపు ఉంటుంది. దాన్నే హైపోస్పేడియాస్ అంటారు. కొత్త నాళం కట్టి సరిచేస్తే, ఒకప్పుడు కుట్టు విడిపోయి చిల్లు పడేది. కాపుదారం వచ్చాక పదకొండేళ్లుగా ఒక్క చిల్లూ లేదు. ఎక్కడ మైకు దొరికితే అక్కడ సుభాషిణి ఈ సంగతి చెప్పేది.

అందుకే తను ఆ ఆపరేషన్ చేసిన మూడేళ్ల హవిష్, చిల్లు పడి రెండు ధారలుగా మూత్రం పోస్తుంటే ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ తలవంపంతా కోపమై వాడి తండ్రి లిఖిత్ మీద పడింది.

"పట్టీ తీసి పారేశారా? ఆపరేషన్‌లో పెట్టిన మూత్రం గొట్టం మడత పడి కుట్టు బిగుస్తోందని అది చెప్పే ఉంటుంది!"

"నానెందుకు తీస్తానమ్మా? పడుకున్నా తియ్యనేదు. 'మెట్లెక్కనివ్వొద్దు, దగ్గు రానివ్వొద్దు' అన్నాది, అంతే. గొట్టం ఊసే ఎత్తనేదు."

సుభాషిణి యంత్రం వైపు తిరిగింది. "కాపరీ, ఎందుకు చెప్పలేదు?"

"ఐదో రోజు కుట్టు బిగిసిందని దారం చెప్పింది. కానీ నమోదైన ఆపరేషన్ హెర్నియా. దానికి గొట్టం ఉండదు. అందుకని దగ్గు జాగ్రత్తే చెప్పాను."

డిశ్చార్జి రోజు లిఖిత్ చేతులు నలుపుకుంటూ, "చీటీ మీద ఇంకేటైనా రాయండమ్మా, చుట్టాలు సూస్తారు" అన్నాడు. పోనీ పాపం అనుకుని ఆమె హెర్నియా అని దిద్దింది. చీటీ, యంత్రం చదివే నమోదు రెండూ ఒకటే. అలా ఉండాలని పట్టుబట్టిందీ తనే. మనుషులు అబద్ధం రాస్తారని అప్పుడు ఆమెకు తోచలేదు.

హవిష్ తండ్రి చొక్కా పట్టుకుని, "మళ్లీ సూదా?" అన్నాడు. వాడి మొహం చూడలేక, సిగ్గుతో ఆమెకు ప్రాణం చచ్చిపోయింది.

"చిల్లుకు కారణం ఏమని రాయను?" అంది కాపరి.

దారం లోపం అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"తప్పు నాది లిఖిత్ గారూ. హైపోస్పేడియాస్‌ను హెర్నియా అని రాశాను. ఆరు నెలలాగి వీడికి మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి," అంది గట్టిగా.

లిఖిత్ గబగబా లేచి తలుపు మూశాడు. "మెల్లగా అనండమ్మా! బయట మా బావ ఉన్నాడు."

సుభాషిణి తలూపి, యంత్రం దగ్గరికి జరిగి, గుసగుసగా కారణం చెప్పింది.

"వినబడలేదు డాక్టర్," అంది కాపరి. "కాస్త గట్టిగా చెప్పండి."