మొదటి అడుగు తేదీ

ఆదివారం పొద్దున్న మబ్రూకా వంటింట్లో వేయించిన బార్లీ పిండిని ఆలివ్ నూనె పోసి కలుపుతోంది. పదహారు నెలల మనవడు ఇయాద్ ఆవిడ గౌను అంచు పట్టుకుని ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాడు. బయట జనవరి వాన. బల్ల దగ్గర కోడలు ఇన్సాఫ్ నాలుగు పేజీల ఫారం ముందు పెట్టుకుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కలం కొరుకుతూ కూర్చుంది.

ఇన్సాఫ్ వంతెన అవతల, బిజెర్త రేవుపట్నంలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. కింద పాలపిల్లలు, పక్కన అడుగులు నేర్చినవాళ్లు, పైన మధ్యాహ్నం బడి వదలగానే భోజనానికీ హోంవర్కుకీ వచ్చే పెద్దపిల్లలు. ఇన్సాఫ్‌ది పాలపిల్లల గది. ఆ గోడ మీద రూళ్లన్నీ ఆమెకు కంఠతా వచ్చు. జ్వరం ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటితే ఇంటికి పంపాలి. జాబితాలో పేరు లేనివాళ్ల చేతికి బిడ్డను ఇవ్వకూడదు. తల్లి బిడ్డకు చెప్పే వెళ్లాలి, కళ్లుగప్పి జారుకోకూడదు. వీటన్నిటితో పాటు, పనివాళ్ల బిడ్డల్ని చేర్చుకోకూడదన్న రూలూ ఉండేది. అందుకే రెండు నెలల పసిగుడ్డుగా ఇయాద్‌ను అత్తగారి చేతిలో పెట్టి ఆమె పనికి వెళ్లిపోయింది.

ఆ రూలు ఈ కొత్త సంవత్సరంలో మారింది. తల్లి పనిచేసే గదిలో కాకపోతే బిడ్డను చేర్చుకోవచ్చన్నారు. ఇయాద్ అడుగులు నేర్చినవాళ్ల గదిలో ఉంటాడు. రెండు గదులకూ మధ్య అద్దాల గోడ ఒక్కటే. ఆ మాట విన్న రోజు ఇన్సాఫ్ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. పొద్దున్న వాడు లేవకముందే వెళ్లిపోయి, చీకటిపడ్డాక వాడు జోగుతుంటే వచ్చే బతుకు ఇక అయిపోయిందనుకుంది.

భర్త బిలెల్‌కు చెప్పింది. అత్తగారికి చెప్పడానికి మాత్రం మూడు రోజులుగా నోరు రాలేదు.

మూడో పేజీలో వచ్చి పడింది చిక్కు. 'మధ్యాహ్నం మీ బిడ్డ ఎలా నిద్రపోతాడు? ఏడిస్తే దేనితో ఊరుకుంటాడు?' తన గదిలో ఎనిమిది మంది పిల్లలుంటే, ఎవరికి వీపు నిమరాలో, ఎవరిని ఎడమ భుజాన వేసుకోవాలో ఆమె నిద్రలో కూడా చెప్పగలదు. కన్నకొడుకు మధ్యాహ్నం ఎలా పడుకుంటాడో మాత్రం తెలియదు. ఆదివారాలు తను జోకొడితే వాడు గింజుకునేవాడు, చివరికి నానమ్మ గదిలోకి పాక్కుంటూ పోయేవాడు.

"అత్తమ్మా," అంది కలం కింద పెట్టి. "ఇయాద్ మధ్యాహ్నం ఎలా పడుకుంటాడు?"

"పడుకుంటాడు, అందరి పిల్లల్లాగే. ఎందుకు?"

"ఊరికే. ఇందులో అడిగారు."

మబ్రూకా చేతులు తుడుచుకుని వచ్చింది. ఆవిడకు చత్వారం. "ఏంట్రా అది, చదువు," అంది బల్ల అవతల కూర్చున్న కొడుకుతో.

బిలెల్ రేవులో క్రేను నడుపుతాడు. ఇంట్లో తల్లికీ భార్యకూ మధ్య ఏ సరుకునూ ఎత్తలేడు, దించలేడు. ఇన్సాఫ్ వద్దని కళ్లతో సైగ చేసింది. అతను అది చూసేలోపే సగం చదివేశాడు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చేరే రోజు సోమవారం, బిడ్డను ఇంటికి తీసుకెళ్లేందుకు అనుమతి ఉన్నవారు ఇన్సాఫ్, బిలెల్...

"తర్వాత?"

"అంతేనమ్మా."

"నా పేరు?"

బిలెల్ కాగితం తిరగేసి చూశాడు, వెనకాల దొరుకుతుందేమోనన్నట్టు. మబ్రూకా కుర్చీలో కూలబడింది. ఇయాద్ ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టాడు.

"పద్నాలుగు నెలలు," అంది. "పళ్లొస్తుంటే రాత్రిళ్లు ఎత్తుకు తిరిగింది నేను. విరేచనాలైతే బియ్యం గంజి పట్టింది నేను. ఇప్పుడు దారినపోయేదాన్ని చేశావు కదూ!"

"అది కాదత్తమ్మా. మీరు ఒక్కరూ అవతలికి రారు కదా అని..."

"రానని నీకెవరు చెప్పారు? నువ్వడిగావా? అక్కడ ఒక్కో ఆయాకి ఎనిమిది మందిని అంటగడతారని నువ్వే చెప్పావు. ఇక్కడ వీడొక్కడికి నేనొక్కదాన్ని. అమ్మానాన్నా ఉండగా వీణ్ణి అక్కడ పడేస్తావా?"

"పడేయడం కాదు, నా పక్కన పెట్టుకోవడం!"

"నీ పక్కనా? అద్దం అవతల పెట్టి చూసుకోవడం పక్కనుంచుకోవడమా? బాగుంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, ఊళ్లో పిల్లలందరి సంగతీ తెలిసినదానివి, నీ బిడ్డ ఎలా పడుకుంటాడో నన్నడుగుతున్నావు!"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఇన్సాఫ్ లేచి నిలబడింది.

"తెలియదు కాబట్టే తీసుకెళ్తున్నాను. ఎవరెవరి పిల్లలో నా మెడ పట్టుకుని వేలాడతారు అత్తమ్మా. నా వాడికి మాత్రం నేను ఆదివారం వచ్చే చుట్టాన్ని. వాడికి నేను కావాలని కాదు, నాకు వాడు కావాలి. ఇంత సిగ్గులేకుండా అడగాల్సి వస్తుందనుకోలేదు."

"సరే, మీరిద్దరూ..." అన్నాడు బిలెల్.

"నువ్వు ఊరుకో," అన్నారు అత్తాకోడళ్లు ఒక్కసారిగా. ఆ పొద్దున వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాటలోనే.

అప్పుడే పక్కింటి జొహ్రా తడిసిన గొడుగు గుమ్మంలో దులుపుతూ వచ్చింది. ఎప్పుడో తీసుకెళ్లిన జల్లెడ తిరిగివ్వడం ఒక వంక. ఈ ఇంట్లో గొంతులు లేచిన ప్రతిసారీ ఆవిడకు ఏదో ఒకటి తిరిగివ్వాలని గుర్తొస్తుంది.

"ఏం రాస్తున్నారు?" అంటూ బిలెల్ భుజం మీద నుంచి ఫారంలోకి తొంగి చూసింది. "మొదటి అడుగు, సెప్టెంబర్ ఇరవై, శుక్రవారం. ఓయ్, తప్పు! సోమవారం కదూ. మౌలిద్ పండగ మర్నాడు నేను జగూగూ గింజల పాయసం గిన్నె తెస్తే, ఆ గోడ దగ్గర్నుంచి నా గిన్నె దాకా వచ్చేశాడు. నా కళ్లతో నేను చూశాను."

జొహ్రా నాలుక్కరుచుకుంది. జల్లెడ బల్ల మీద పెట్టి, "వానలో బట్టలు ఆరేసి వచ్చాను," అని ఎవరూ నమ్మని మాటొకటి చెప్పి వెళ్లిపోయింది.

ఇన్సాఫ్ ఫారంలోని ఆ తేదీ వంక చూసింది.

సెప్టెంబర్ ఇరవై, శుక్రవారం. ఇన్సాఫ్ ఆ రోజును ఎవరికీ చూపించని నగలా దాచుకుంది. బడులు తెరిచిన వారం అది, పని తెమలడమే లేదు. ఆ రోజు ఓడ పోవడానికి వంతెన పైకి లేపితే బస్సు అరగంట ఆగిపోయింది. ఎప్పుడూ పడుకుని ఉండేవాడు ఆ సాయంత్రం మేలుకునే ఉన్నాడు. ఇంతసేపు నిద్రపుచ్చకుండా ఏం చేస్తోందీవిడ అని లోలోపల విసుక్కుంటూ ఆమె గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. వాడు నడవాలోంచి మూడడుగులు వేసి ఆమె ఒళ్లో పడ్డాడు. ఇన్ని నెలల్లో కొడుకు దగ్గర తనకంటూ మిగిలింది అదొక్కటే.

"నాలుగు రోజుల ముందే నడిచాడా?" అంది. "నాకు చెప్పలేదు మీరు. నేను పిచ్చిదానిలా ఊరంతా ఫోన్లు చేసి చెప్పుకున్నాను. మీరు పక్కనే నిలబడి నవ్వారు. ఆ ఒక్కటి కూడా నాకు మిగల్చలేదా అత్తమ్మా? అది కూడా మీరే తీసుకున్నారా?"

"తీసుకున్నానా!" మబ్రూకా లేచింది. "నువ్వే చెప్పావు కదే అమ్మాయ్!"

"నేనా?"

"పోయిన రంజాన్‌లో, ఈ బల్ల దగ్గరే. మా గదిలో ఏ బిడ్డ మొదటి అడుగు వేసినా తల్లికి చెప్పం అన్నావు. ఇవాళ మంచి హుషారు మీదున్నాడు, ఇంటికెళ్లి నేల మీద వదిలి చూడండి అని మాత్రం అంటామన్నావు. పొద్దంతా బిడ్డకు దూరంగా ఉన్న తల్లికి అదొక్కటైనా దక్కాలన్నావు. అన్నావా, లేదా?"

ఇన్సాఫ్ నిజంగానే ఆ మాట అంది. గోడ మీద రాయని రూలు అది. పాలపిల్లల గదిలో చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజే చెబుతారు.

"మీ సెంటర్లో ఎవరెవరి తల్లులకో ఉన్న మర్యాద నా ఇంట్లో నా కోడలికి ఉండొద్దా?" అంది మబ్రూకా. "నాలుగు రోజులు వీణ్ణి కింద పెట్టకుండా చంకనేసుకు తిరిగాను. ఎక్కడ నడిచేస్తాడో, ఎవరు చూసి నీకు చెప్పేస్తారోనని. నడుం పడిపోయింది. వీడి నాన్నకు కూడా చెప్పలేదు, ఆ జొహ్రా చేత ఒట్టు వేయించుకున్నాను. రోజూ నువ్వొచ్చేదాకా మేలుకుని ఉంచుదామని చూస్తే, నీ బస్సు చప్పుడు వినపడే వేళకి తలకాయ వాల్చేసేవాడు. శుక్రవారం మొహం మీద నీళ్లు చల్లి, గిన్నెలు వాయించి, ఆడించి ఆడించి నిలబెట్టాను. నువ్వొచ్చి నా వంక ఎర్రగా చూశావు, ఇంకా పడుకోబెట్టలేదేమని."

బిలెల్ తల్లి వంక కొత్తగా చూశాడు. క్రేను మీద ఎంతో ఎత్తున కూర్చుంటాడు గానీ, తన ఇంట్లో ఇంత జరిగితే అతనికి కనబడలేదు.

ఇన్సాఫ్ అక్కడే, అత్తగారి కాళ్ల దగ్గర గచ్చు మీద కూర్చుండిపోయింది. ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఎవరి బిడ్డల తల్లులకో తను ఆరేళ్లుగా చేస్తున్న మేలు, తనకూ ఒకరు చేశారు. చేసినావిడ పేరు ఫారంలో రాయలేదు.

"నన్ను క్షమించండి అత్తమ్మా."

"లే, గచ్చు చల్లగా ఉంది," అంది మబ్రూకా ముక్కు తుడుచుకుంటూ. కాసేపటికి తనే చెప్పింది. "నా చెవి తమ్మె పట్టుకుని పడుకుంటాడు. కుడిది. పోగు తీసేయాలి, లేకపోతే లాగుతాడు. రాసుకో."

ఇన్సాఫ్ రాసుకుంది. తర్వాత రెండో పేజీకి వెళ్లి, అనుమతి ఉన్నవారిలో మూడో పేరుగా కాకుండా, తన పేరుకు పైన ఉన్న ఇరుకు జాగాలో మబ్రూకా పేరు ఇరికించింది. మొదటి అడుగు తేదీ మాత్రం మార్చలేదు. మార్చబోతే మబ్రూకా చెయ్యి పట్టుకుని ఆపింది. "శుక్రవారమే ఉండనీ. నేను పడ్డ పాట్లు వృథా చేస్తావా?"

కొత్త బిడ్డ అలవాటుపడేదాకా మూడు రోజులు ఇంటి మనిషి ఒకరు గదిలో కూర్చోవాలన్నది కేంద్రం రూలు. ఇన్సాఫ్‌కు తన గదిలో పని, బిలెల్‌కు రేవులో పని. నాలుగేళ్లుగా వంతెన దాటని మబ్రూకా సోమవారం మంచి గౌను వేసుకుని, జానెడు ఎత్తున్న కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూర్చుంది. ఇన్సాఫ్ చంకలో ఒక బిడ్డను ఊపుతూ అద్దంలోంచి చూసింది. ఇయాద్ ఒక బొమ్మ కారు తీసుకోవడం, వెనక్కి వచ్చి నానమ్మను తాకడం, మళ్లీ వెళ్లడం. రెండో రోజు వెనక్కి రావడం తగ్గింది. మబ్రూకా కళ్లు ఆ తగ్గడాన్ని లెక్కపెడుతున్నాయని ఇన్సాఫ్‌కు తెలుస్తూనే ఉంది.

మూడో రోజు పదింటికి మబ్రూకా లేచి వెళ్లిపోవాలి. ఇంట్లో అయితే మబ్రూకా బజారుకు వెళ్లేటప్పుడు వాడు చూడకుండా జారుకునేది. ఇక్కడ అలా కుదరదు. ఆవిడ వంగి, తల రుమాలు విప్పి వాడి చేతిలో పెట్టింది. "నేను వెళ్తున్నాను నాన్నా. సాయంత్రం అమ్మతో ఇంటికొచ్చెయ్," అంది. తలుపు దాటాక ఇంకొక్కసారి వెనక్కి చూడకుండా వరండా చివరిదాకా నడిచింది. అది చూడగలిగింది ఇన్సాఫ్ ఒక్కతే.

ఇయాద్ మూసిన తలుపు దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు. రుమాలు ముఖానికి ఆనించుకున్నాడు. అంతవరకూ ఊ, ఆ తప్ప ఒక్క మాటా రానివాడు, అద్దం ఇవతలికి కూడా వినపడేలా, స్పష్టంగా అన్నాడు.

"మేమే."

అక్కడి పిల్లల నోట అది నానమ్మా అన్న పిలుపు. మొదటి మాట. అమ్మా అన్నది కాదు. నొప్పి పుట్టింది, లేదని ఎందుకు చెప్పాలి. చంకలోని పరాయి బిడ్డను గట్టిగా హత్తుకుంది. అద్దం అవతల ఉన్న ఆయా ఇటు తిరిగి, విన్నావా అన్నట్టు కనుబొమలెత్తింది. ఇన్సాఫ్ పెదవుల మీద వేలుంచింది.

సాయంత్రం వంతెన మీద బస్సు ఆగలేదు. వాన వెలిసి వీధి మెరుస్తోంది. ఇంటి ముందు ఇన్సాఫ్ తాళంచెవి తీయలేదు. కొడుకును చంకలోంచి దించి, గుమ్మానికి ఎదురుగా నిలబెట్టి, తను ఒక అడుగు వెనక్కి జరిగి తలుపు తట్టింది.

పొద్దున్నుంచీ ఖాళీ ఇంట్లో ఒంటరిగా తిరిగిన మనిషి అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తెరుచుకుంది.

"మేమే!"

మబ్రూకా గడప మీదే కూలబడి వాణ్ణి వాటేసుకుంది. "విన్నావా? నన్నే పిలిచాడు! బంగారుకొండ, నన్నే పిలిచాడు!" నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. ఉన్నట్టుండి తలెత్తి కోడలి వంక చూసింది. "అక్కడ కూడా అన్నాడా?"

"లేదత్తమ్మా," అంది ఇన్సాఫ్ చెప్పులు విప్పుతూ. "ఇవాళ కాస్త హుషారుగా ఉన్నాడు, అంతే."

మబ్రూకాకు ఆ రూలు తెలుసు. కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. కొంచెం పక్కకు జరిగి, ఆ ఇరుకు గడప మీద ఆమెకు కూడా చోటిచ్చింది.