పదకొండో నంబరు కాగితం

ఆ పొద్దున ఆర్టిస్టు గారు టీ కప్పును సాసర్‌లో పెడితే చప్పుడు రాలేదు. వంటగదిలో ఉన్న ఆయన భార్య గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. రెండేళ్లుగా ఆ ఇంట్లో, మాత్ర పడకముందు ఆయన వణికే చేతిలో కప్పు గణగణలాడితేనే తెల్లవారినట్టు లెక్క.

"మాత్ర వేసేసుకున్నారా?"

"ష్! నువ్వు చూడలేదు, నేను వేసుకోలేదు."

"కొత్త మందు పరీక్షయ్యేదాకా వద్దని డాక్టర్లు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదండీ!"

"నలభై ఏళ్లు దుకాణాలకి బోర్డులు రాసిన చెయ్యే ఇది. వంకర గీత నా చేతిలోంచి బయటికి పోదు. అందులోనూ కూతురు పనిచేసే చోట!"

ఆవిడ గట్టిగా కోప్పడాల్సింది. కానీ పరీక్ష కోసం మాత్ర మానేశాక, నిలకడగా ఉన్న ఆ చేతిని చూసి ఎన్నాళ్లయిందో! ముచ్చటేసి ఊరుకుంది.

కూతురు పనిచేసేది యూనివర్సిటీలో మెదడు జబ్బుల మీద పరిశోధించే విభాగంలో. పార్కిన్సన్స్ వణుకుకి కొత్త మందు పరీక్షిస్తున్నారక్కడ. మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక ఒకసారి, ఆయనతో సహా ముప్పై మంది రోగుల చేత దోమల కాయిల్ లాంటి చుట్ట గీయిస్తారు. ఆ కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. గీతల వణుకు కొలిచే పని కూతురిది.

సాయంత్రం ఆ పిల్ల బ్యాగు భుజాన ఉండగానే ఫోన్‌లో ఒక కాగితం ఫొటో తెరిచి తండ్రి ముందు పెట్టింది.

"పదకొండో నంబరు ఎవరు నాన్నా?"

"నాకేం తెలుసు?"

"ఈ చివర చూడు. గీత ఆగేచోట కాస్త ఒత్తి, కొస పైకి తిప్పి వదిలారు. నా స్కూలు పుస్తకాల మీద పదేళ్లు నా పేరు ఇలాగే రాశావు. మాత్ర వేసుకునే వెళ్లావు కదూ? అమ్మా, ఫ్రిజ్‌లో తలపెట్టి ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదే. చల్లగా ఉందని."

కూతురికి నవ్వు రాలేదు. "ముందే వణుకు లేకపోతే, మందు వల్ల తగ్గిందని ఎలా చెప్పను? మూడేళ్ల కష్టం నాన్నా! మా మేడమ్‌కి చెప్పి ఆ కాగితం పక్కన పెట్టించాను. ఎల్లుండి మళ్లీ గీయాలి. ఇలాగే వస్తే నిన్ను తీసేస్తారు."

"తీసేయమను! ఈ చెయ్యి నీ స్నేహితుల ముందు పెట్టి, 'దీని నాన్న ఆర్టిస్టట' అని నవ్వించుకోనా?" అంటూ ఆయన ఆ చేతిని ఒళ్లో దాచుకున్నాడు.

కూతురు పక్కన కూలబడింది. "అక్కడ నవ్వేవాళ్లు లేరు నాన్నా. నీ చక్కని గీతలు ఊరంతా చూసింది. నాకు ఆ వంకర గీతే కావాలి. దీంతోనే నాకు పని."

"తప్పు నాది కూడానే," అంది తల్లి. "ఒక్క పూటైనా ఆ చెయ్యి కుదురుగా ఉంటే చూడాలనిపించింది."

మూడో రోజు పొద్దున మాత్రల డబ్బా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో బందీ అయింది. కప్పు గణగణలాడింది. సగం టీ చొక్కా తాగేసింది.

పరీక్ష గది అద్దంలోంచి ఆవిడ చూస్తూనే ఉంది. పెన్ను తడబడింది, గీత గీతనే దాటేసింది. ఆయన పళ్లు బిగించి చివరిదాకా లాగాడు. ఆగేచోట, వణుకుతూనే, కాస్త ఒత్తి కొస పైకి తిప్పాడు.

సాయంత్రం కూతురు వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందే నా కాగితం?"

"ముప్పై మందిలోకీ అధ్వాన్నం నాన్నా!"

ఒక్క క్షణం మొహం మాడ్చుకుని, ఆయన పకపకా నవ్వేశాడు. "చూశావా! అక్కడా నేనే ఫస్టు!"

కూతురు నవ్వుతూ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. దాన్ని ఆపాలని చూడలేదు. ఆయనతో పాటు తన చేతులూ వణకనిచ్చింది.

"అమ్మా, మళ్లీ ఫ్రిజ్‌లో ఏం వెతుకుతున్నావు?"

"చల్లగా ఉందే," అంది తల్లి, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.