కరెంటొచ్చిన కేక

మీరు చూసింది చెప్పండి. శవపేటికకు అటుపక్క, నాకు ఎదురుగా, చేతిలో కాఫీ పట్టుకొని కూర్చున్నది మీరే గదా. చీకట్లో ఏమీ కనపడలేదు అనకండి. అదంతా కరెంటు వచ్చాకే జరిగింది. ఊళ్ళో ఒక్కొక్కరినీ అడిగాను. ఒకడు చెప్పులు వెతుక్కుంటున్నానన్నాడు. ఒకామె కళ్ళలో పొగ పడిందంది. తోటల యజమానుల తుపాకులకు రొమ్ము చూపించిన మనుషులు వీళ్ళు. ఒక ముసలిది నోరు తెరిచి అడిగితే నేల చూపులు చూస్తున్నారు.

సరే. నేను చూసింది నేను చెబుతాను. తర్వాత మీ వంతు.

నెగ్రోస్ దీవిలో కొండ కింద చెరకు ఊరు మాది. ఈ ఊరికి కరెంటు అడిగి తెచ్చినవాళ్ళలో మొదటివాడు నా మొగుడు క్రిస్పులో. అడిగితే ఎవరిస్తారు? చెరకు లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నాం. అక్కడే వండుకున్నాం, అక్కడే తిన్నాం. ఆ గొడవలో పోలీసు లాఠీకి ఆయన పక్కటెముక విరిగింది. అప్పటినుంచి గట్టిగా అరిస్తే చివర్లో రెండు పొడి దగ్గులు వచ్చేవి.

స్తంభాలు వచ్చాయి. కరెంటు మాత్రం అలిగిన అల్లుడిలా వస్తుంది, పోతుంది. ఎక్కువగా పొద్దు గూకేటప్పుడు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా పోతుంది. జనమంతా విసనకర్రలు పట్టుకొని వాకిళ్ళలోకి వస్తారు. కరెంటు కంపెనీ వాళ్ళను తిడతారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు. తిరిగి వచ్చిందా, ఊరు ఊరంతా ఒక్కసారిగా కేక పెడుతుంది. మా పిల్లలు అమ్మా అనడం కంటే ముందు ఆ కేక నేర్చుకుంటారు. అందరికంటే ముందు లేచేది క్రిస్పులో గొంతు. పొడుగ్గా సాగి, చివర ఆ రెండు దగ్గులు. తోటల అవతలి ఊరివాళ్ళు అది విని, "ముసలాడికి వెలుగొచ్చింది, మనకూ వస్తుంది" అనుకునేవారట.

ఆయన పోయాడు. మా దగ్గర పోయినవాళ్ళను వెంటనే పాతిపెట్టం. ఇంట్లోనే ఉంచుతాం. పొరుగుదీవుల నుంచి చుట్టాలు రావాలి. అందాకా తలవైపు, కాళ్ళవైపు దీపాలు వెలుగుతూనే ఉండాలి. ఒంటరిగా వదలకూడదు. అందుకే నిద్ర ఆపుకోవడానికి పేకాట, అల్లం కషాయం, కబుర్లు. పేటిక మూతకు అద్దం ఉంటుంది. ఆ అద్దం మీద కన్నీటి చుక్క పడితే పోయినవాడి అడుగు ముందుకు పడదంటారు. నేను ఎడంగా నిలబడి ఏడ్చేదాన్ని.

ఒక సాయంత్రం ఇల్లు నిండా జనం ఉండగా కరెంటు పోయింది. కొవ్వొత్తులు వెలిగించాం. ప్రార్థన సగంలో ఉంది. ఉక్కపోత. కాసేపటికి కరెంటు దీపాలు ఒక్కసారిగా వెలిగాయి.

అందరం కేక పెట్టాం.

ఎవరూ అనుకొని చేసింది కాదు. పేకముక్కలు గాల్లోకి లేచాయి. నవ్వులు, చప్పట్లు. నేను... జపమాల పట్టుకున్న చెయ్యి, ఉత్త చెయ్యి, రెండూ పైకెత్తి అరిచాను. మొగుడు ఎదురుగా పడుకొని ఉన్నాడు. నా చేతులు ఎలా దించాలో నాకే తెలియలేదు.

మా ఆడపడుచు సోతెరా ఊరుకునే మనిషి కాదు. "బాగుంది వదినా. మా అన్న పోయాడని పండగా ఇది? డోలు కూడా తెప్పించమంటావా?"

"అలవాటు పొరపాటు, సోతెరా" అన్నాడు పక్కింటి దోరో. "ఆయన నేర్పిన విద్యే గదా."

"నువ్వు నోరు మూసుకొని పేక కలుపు. ఇంత అవమానం మోసుకొని మా అన్న ఎక్కడికి పోతాడు? పోడు. ఇక్కడే ఉంటాడు, చూడండి."

ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. లాఠీ దెబ్బలు తిన్నాను, జైల్లో పడుకున్నాను, ఎవరి ముందూ తల దించలేదు. ఆ రోజు అద్దం కింద ఉన్న ముఖం వంక చూడలేకపోయాను. ఆయన్ని మర్యాదగా సాగనంపాలి. నాకింకేమీ అక్కర్లేదు.

మర్నాడు, ఖననానికి ముందు సాయంత్రం, పేటిక పక్కనే నిలబడి అందరికీ చెప్పాను. "ఇవాళా పోతుంది, ఇవాళా వస్తుంది. వచ్చినప్పుడు ఎవరి నోటికి వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"వద్దు అక్కా, ఈ వయసులో వంగితే నిన్ను లేపేదెవరు" అన్నాడు దోరో. కానీ నవ్వలేదు.

పొద్దు గూకింది. కరెంటు పోయింది.

ఆ సాయంత్రం గాలి ఎక్కువ. కొవ్వొత్తి వెలిగిస్తే ఆరింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. కాల్చిన చెరకు తోట వాసన, వాడిన మల్లెల వాసన, వాటి కింద పేటికలోంచి, శవం చెడకుండా పెట్టిన మందు వాసన. పేకాట ఆగింది. కాలవల్లో కప్పలు అరిచి, అవి కూడా మానేశాయి. పక్క మనిషి ఊపిరి వినపడుతోంది.

అప్పుడు ఒక చప్పుడు.

గంజి పెట్టిన చొక్కా నలిగినట్టు... మెల్లగా... ఆగి, మళ్ళీ...

"సోతెరా, నువ్వేనా?" అన్నాను గొంతు తగ్గించి.

"నీ భుజానికి ఆనుకొనే ఉన్నాను వదినా. నేను కదల్లేదు."

"మరి..."

"మాట్లాడకు."

గంజి చొక్కా ఆ గదిలో ఒక్కరికే ఉంది. నేనే ఇస్త్రీ చేసి తొడిగాను.

దీపాలు వెలిగాయి. ఫ్యాను తిరిగింది. అందరి చేతులూ అందరి నోళ్ళ మీద ఉన్నాయి. దోరో రెండు చేతులూ పెట్టుకున్నాడు. సోతెరా కొంగు కుక్కుకుంది. నా మాట నిలబెట్టారే అని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పుడు వచ్చింది ఆ కేక.

వీధిలోంచి కాదు. గదిలోంచి. మా మధ్యలోంచి. పొడుగ్గా... సాగి... సాగి... చివర రెండు పొడి దగ్గులు.

ఎవరూ కదల్లేదు. ఎవరూ చేతులు తియ్యలేదు. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

నాకు భయం వెయ్యలేదు. సిగ్గేసింది. తన ఇంట్లో, తన కరెంటుకు, తన కేక కూడా తను పెట్టుకోకూడదని చెప్పానే అని. క్షమించమని అడుగుదామని అద్దం మీదికి వంగాను.

రొమ్ము మీద నేను మడిచి పెట్టిన చేతుల్లో ఒకటి అక్కడ లేదు.

అది ఆయన నోటి మీద ఉంది. గట్టిగా... వేళ్ళు చెంపల్లోకి దిగేంత గట్టిగా. చెప్పిన మాట వినే పిల్లవాడిలా.

కేక ఆయనది కాదు.

జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. చావింట్లో వెళ్ళొస్తామని చెప్పకూడదు, మేము సాగనంపకూడదు. ఆ ఆచారం వాళ్ళకు బాగా పనికొచ్చింది. పొద్దున ఆ చేతిని కిందికి దించుదామని మూత తీశాం. చెయ్యి కదిలి రాలేదు. అలాగే పాతిపెట్టాం.

అప్పటినుంచి మా గడప ఎవరూ తొక్కడం లేదు. సోతెరా పడవెక్కి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు. దారిలో దోరో ఎదురైతే నా ముఖం చూడడు. నా నోటి వంక చూస్తాడు. ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంటాడు. నిన్న నీళ్ళు తోడుతుంటే నాకు దగ్గొచ్చింది. పొడి దగ్గు. వాకిట్లో ఆడుతున్న పిల్లలు ఆట వదిలేసి పరిగెత్తారు.

ఆ సాయంత్రం నేను అందరి ముఖాలూ చూశాను. నాది నేను చూసుకోలేదు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాననే నాకు గుర్తు.

మీరు నాకు ఎదురుగా కూర్చున్నారు. చెప్పండి. నా చెయ్యి నా నోటి మీద ఉందా?