కార్పెట్ మీద గవ్వలు

నిఖిల ఆఖరి కాయ పండాలంటే ఇంకా నాలుగు గడులు కావాలి. సరిగ్గా నాలుగు.

"చెమ్మా పడితే నువ్వు గెలిచినట్టే. పడకుంటే అయిపోయినవ్. నాకు రెండు చాలు," అంది చాందిని.

శనివారం మధ్యాహ్నం. కెనడాలోని ఒషావాలో నిఖిల వాళ్ల ఇంటి బేస్‌మెంట్. ఇద్దరి మధ్యా ఓ అట్టముక్క, దాని మీద స్కెచ్ పెన్‌తో గీసిన అష్టాచెమ్మా గడులు. కాయలకు బదులు చొక్కా గుండీలు. నిఖిల చేతిలో నాలుగు గవ్వలు.

నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది.

నిఖిల గవ్వల్ని అరచేతిలో ఒకసారి సర్దుకుంది. చేతిని కిందికి దించి, కార్పెట్ మీద ముందుకు జార్చింది.

నాలుగూ వెల్లకిలా పడ్డాయి.

"చెమ్మా!" అని అరిచింది నిఖిల.

చాందిని తల పట్టుకుంది. "మళ్లా ఓడిపోయిన్నా! ఈ నెల ఐదాటలకు ఐదు! ఏం చేతులమ్మా అవి?"

"చేతులు కాదక్కా. లక్."

ఆ మాట నిఖిల ఆ రోజు చెప్పడం అది మూడోసారి. పందెం కట్టే ముందు చాందిని వెనకాడింది. "నువ్వు రోజూ ఆడతవ్, నేనెట్ల గెలుస్త?" అంది. "గవ్వల ఆటలో ఆడటం రావడమంటూ ఏముంది? అంతా లక్కే కదా," అంది నిఖిల. అప్పుడు గానీ చాందిని ఒప్పుకోలేదు.

పందెం ఇది. చాందిని గెలిస్తే, వారమంతా ఇంటి ముందు మంచు నిఖిల ఊడుస్తుంది. నిఖిల గెలిస్తే, ఆదివారమంతా చాందిని నిఖిలతోనే ఉంటుంది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా.

"సరే. మాటంటే మాటే. రేపు పదింటికి మీద ఉంట," అంది చాందిని.

నిఖిల మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. ఎనిమిది గంటలు! ఈ ఊరు వచ్చాక ఆమెతో ఎవరూ అంతసేపు గడపలేదు.

ఆగస్టులో వాళ్లు ఎడ్మంటన్ నుంచి ఇక్కడికి మారారు. నాన్న భరద్వాజ్‌కి టొరంటోలో కొత్త ఉద్యోగం. పొద్దున్నే ట్రైన్ ఎక్కితే చీకటి పడ్డాకే వస్తాడు. అమ్మ శాంతకి వృద్ధుల హోమ్‌లో డ్యూటీ. శని, ఆదివారాలు కూడా వెళ్లాల్సిందే. స్కూల్లో ఐదో తరగతి పిల్లలందరికీ ఎవరి జట్టు వాళ్లకుంది. లంచ్ టైమ్‌లో నిఖిల కిటికీ పక్కన కూర్చుని, నెమ్మదిగా తింటుంది. తొందరగా తినేస్తే మిగిలిన టైమ్‌లో ఏం చేయాలో తెలియదు.

సెప్టెంబర్‌లో బేస్‌మెంట్‌లోకి చాందిని, స్నేహ అద్దెకు దిగారు. ఇద్దరూ కరీంనగర్ నుంచి కాలేజీలో చదువుకోవడానికి వచ్చారు. ఆ వీధిలో సగం ఇళ్ల బేస్‌మెంట్లలో అలా వచ్చిన స్టూడెంట్సే ఉన్నారు. చాందినికి ఖాళీ దొరికితే నిఖిలతో ఒక ఆట ఆడేది. ఒక్కటే. తర్వాత లాప్‌టాప్ తెరిచేది.

ఆ ఒక్క ఆట కోసం నిఖిల రోజంతా ఎదురుచూసేది. ఎదురుచూస్తూ ఒక్కతే గవ్వలు వేసుకునేది. స్కూల్ నుంచి వచ్చాక, అమ్మ వచ్చేదాకా, రోజూ గంటా రెండు గంటలు. అలా వేస్తూ వేస్తూ అక్టోబర్‌లో ఒకటి కనిపెట్టింది. గచ్చు మీద గవ్వ ఎగిరి పల్టీ కొడుతుంది. ఈ మెత్తటి కార్పెట్ మీద కొట్టదు. అరచేతిలో వెల్లకిలా పేర్చి, చేతిని బాగా కిందికి దించి జారిస్తే, అలాగే జారి అలాగే ఆగుతుంది. పదిసార్లు వేస్తే తొమ్మిదిసార్లు చెమ్మా.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

*

రాత్రి అన్నం తింటూ నాన్నని అడిగింది.

"నాన్నా, పందెం కడితే పోలీసులు పట్టుకుంటారా?"

భరద్వాజ్ ముద్ద ఆపాడు. "ఎంత కట్టావేంటి?"

"డబ్బులు కాదు! చాందినక్కతో. అష్టాచెమ్మా. రేపంతా నాతో ఉండాలని."

"ఓస్, అంతేనా! ఇద్దరు తెలిసినవాళ్లు సరదాగా కట్టుకుంటే ఇక్కడ నేరమేం కాదు. పందేలతో వ్యాపారం మొదలుపెడితేనే కేసు."

"మరి ఓడిపోయినవాళ్లు ఇవ్వనంటే?"

"ఇవ్వరు. ఆదివారం ఇప్పించండని కోర్టుకి వెళ్తావా? అంతా మాట మీదే."

నిఖిల ఊపిరి పీల్చుకుంది. అయితే తప్పు లేదన్నమాట.

"చదరంగమైతే నేర్పు, గవ్వలైతే అదృష్టం. ఏ ఆట ఆడుతున్నామో ఇద్దరికీ తెలిస్తే చాలు," అన్నాడు నాన్న. "నేర్పు పెట్టుకుని అదృష్టమని చెప్పి కడితే మాత్రం..."

ఫోన్ మోగింది. ఆఫీసు నుంచి. నాన్న ఎడమ చేత్తో ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లాడు.

నిఖిల కంచంలో మిగిలిన పప్పన్నాన్ని వేలితో ఇటూ అటూ జరిపింది. మాత్రం... ఏంటి? ఆమె అడగలేదు. నాన్న తిరిగి వచ్చేసరికి కంచం కడిగేసి వెళ్లిపోయింది.

*

ఆదివారం పది గంటలకు చాందిని పైకి వచ్చింది. ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాలేదు.

"అమ్మా చాందినీ, కారుకి చలికాలపు టైర్లు మార్పించుకోవాలి. పదిన్నరకి అపాయింట్‌మెంట్," అన్నాడు భరద్వాజ్. "నువ్వుంటావని నిఖిల చెప్పింది. పిల్లని కాస్త చూస్తావా?"

"చూస్త అంకుల్. మీరు పోయిరండ్రి."

నాన్న కారు వీధి మలుపు తిరిగింది. నిఖిల జేబులోంచి కాగితం తీసింది. ఆరు పనులు. ఒకటి, దోసెలు. రెండు, జడ. మూడు, మంచు బొమ్మ...

దోసెలు వేశారు. చాందిని నవ్వింది, కబుర్లు చెప్పింది. కానీ అట్లకాడ పట్టుకుని ఫోన్ చూసింది. జడ అల్లుతూ గోడ గడియారం చూసింది. ఒక దోసె మాడిపోయింది. ఒక పాయ ఊడిపోయింది.

"అక్కా, నేను చెప్పింది విన్నావా?"

"ఆ? ఏందిరా?"

అప్పుడే ఫోన్ మోగింది. చాందిని హాల్లోకి వెళ్లింది. స్నేహ గొంతు పెద్దది. వంటింట్లోకి స్పష్టంగా వినపడుతోంది.

"ఏడున్నవే? మెసేజ్ చూడలేదా? కొత్త సూపర్ మార్కెట్‌ల మనుషుల్ని తీసుకుంటున్నరు. లైన్ పార్కింగ్ దాటి రోడ్డు మీదికొచ్చింది. ఎంతలేదన్నా ఏడెనిమిది వందల మంది ఉన్నరు. పన్నెండింటికి లైన్ బంద్ చేస్తరంట. ఉరుకు!"

"చూసిన. ఎనిమిదింటికే చూసిన."

"మరి?"

"నిఖిలకి మాటిచ్చిన. అంకుల్ కూడా నన్ను నమ్మి పోయిండు."

"పందెమానే? చిన్నపిల్లతోని పందెం కోసం జాబ్ ఇడుస్తవా? మూడు నెలల నుంచి తిరుగుతున్నవ్! ఓనర్ బిడ్డ అని భయపడుతున్నవా?"

"భయం కాదే. చిన్నపిల్లకి మాటిచ్చి తప్పితే ఎట్ల?" చాందిని గొంతు తగ్గింది. "అయినా నేనొస్తే ఏం లాభం చెప్పు. ముప్పై ఏడు చోట్ల అప్లై చేసిన. ఒక్కటి రాలే. ఆఖరికి గవ్వలు గూడ నా దిక్కు పడవు. ఐదాటలకు ఐదు పోయినయ్. కొందరికి అదృష్టం ఉండదే. నాకు లేదు. అంతే."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాందిని బాత్రూమ్‌లోకి వెళ్లింది. వంటింట్లోకి వచ్చేసరికి ఆమె ముఖం కడుక్కుని ఉంది.

"ఊఁ, మూడోదేంది? మంచు బొమ్మనా?"

గడియారం పది గంటల యాభై నిమిషాలు చూపిస్తోంది.

"అక్కా, నువ్వు వెళ్లు," అంది నిఖిల. "పందెం వదిలేశా. నాన్నకి ఫోన్ చేస్తా, వచ్చేస్తాడు."

"విన్నవా?" చాందిని ఆమె తల నిమిరింది. "వద్దురా. ఓడిన గదా. జాలిపడి ఇడిచిపెడితే నాకు మంచిగనిపియ్యదు. పోయినా రాదు ఆ జాబ్. నా అదృష్టం నాకు తెల్వదా?"



నిజం చెప్పకుండా చాందినిని పంపించే దారి ఒకటుంటే బాగుండు. లేదు. చెబితే చాందిని మళ్లీ ఎప్పుడూ తనతో ఆడదు. ఒక్క ఆట కూడా. ఈ ఊళ్లో నిఖిలకి ఉన్నది ఆమె ఒక్కతే.

పది యాభై మూడు.

నిఖిల గవ్వలు తెచ్చింది. హాల్లో కార్పెట్ మీద కూర్చుంది. "చూడక్కా," అంది.

జార్చింది. చెమ్మా.

ఏరుకుని మళ్లీ జార్చింది. చెమ్మా. మళ్లీ. చెమ్మా. మళ్లీ. చెమ్మా.

చాందిని నవ్వు మెల్లగా ఆగిపోయింది. "ఇంకోసారి ఎయ్యి."

చెమ్మా.

"లక్ కాదు," అంది నిఖిల. ఆమె చూపు గవ్వల మీదే ఉంది. "ప్రాక్టీస్ చేశా. రోజూ. కార్పెట్ మీద ఇలా వేస్తే ఇలాగే పడతాయి. లక్ అని చెబితేనే నువ్వు పందెం కడతావని అలా చెప్పా. నీకు అదృష్టం లేక కాదక్కా నువ్వు ఓడిపోయింది. నేను ఓడించా."

చాందిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వంగి ఒక గవ్వ తీసింది. అటూ ఇటూ తిప్పి చూసి, కింద పెట్టింది.

"మీ నాన్నకి ఫోన్ చెయ్," అంది.

*

టైర్లు మార్చడం అప్పుడే పూర్తయింది. నాన్న పదకొండున్నరకి ఇంటి ముందు కారు ఆపాడు. దారిలో నిఖిల వెనక సీట్లోంచి అంతా చెప్పింది. నాన్న అద్దంలో ఆమెను ఒకసారి చూశాడు. అంతే. ఒక రెడ్ సిగ్నల్. ఇంకో రెడ్ సిగ్నల్. మంచు తోసే ట్రక్ ఒకటి ముందు పోతూ, పోతూ, దారి ఇవ్వలేదు.

పదకొండు యాభై ఆరుకి చేరారు.

లైన్ పొడవునా నల్ల కోట్లు, ఎర్రబడ్డ ముక్కులు, చేతుల్లో ప్లాస్టిక్ ఫోల్డర్లు. చివర్న పచ్చ జాకెట్ వేసుకున్న ఒకాయన అడ్డంగా పెట్టడానికి తాడు విప్పుతున్నాడు.

కారు పూర్తిగా ఆగకముందే చాందిని తలుపు తీసింది. ఫోల్డర్‌ని కోటులో దోపుకుని, మంచులో జారుతూ పరిగెత్తింది. ఆమె లైన్‌లో చేరింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు చేరారు. పచ్చ జాకెట్ ఆయన తాడు కట్టేశాడు.

చాందిని వెనక్కి తిరిగి చూడలేదు. నిఖిల చెయ్యి ఊపడానికి ఎత్తి, దించేసుకుంది.

"నాన్నా, నిన్న నువ్వు ఏదో చెప్పబోయి ఆపేశావు."

"ఇప్పుడు చెప్పాలా?"

నిఖిల అక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆ వారమంతా చాందిని పైకి రాలేదు. ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. పిలుస్తామన్నారని అమ్మతో స్నేహ చెబుతుంటే విన్నది, అంతే. నిఖిల గవ్వలు ముట్టుకోలేదు. స్కూల్ నుంచి వచ్చి, పుస్తకం తెరిచి, కింద తలుపు చప్పుడు అయినప్పుడల్లా వినేది. అడుగులు బేస్‌మెంట్ లోపలికే వెళ్లేవి.

శనివారం నాలుగింటికి నిఖిల మెట్లు దిగింది. చివరి మెట్టు మీద ఆగి తలుపు కొట్టింది.

చాందిని తీసింది. వెనకాల లాప్‌టాప్ వెలుగుతోంది.

"అక్కా, నీకు టైమ్ ఉంటే ఒక ఆట ఆడదామా? పందెం లేదు. టైమ్ లేకపోతే ఏం పర్లేదు."

చాందిని ఆమె వైపు చూసింది.

"ఎల్లుండి ఎగ్జామ్ ఉంది."

"సరే అక్కా." నిఖిల వెనక్కి తిరిగింది. రెండు మెట్లు ఎక్కింది.

"నిఖిలా." చాందిని ఫోన్‌లో టైమ్ చూసింది. "అర్ధగంట ఉంది. అంతే. రా లోపలికి."

"లోపల వద్దు. పైన వంటింట్లో ఆడదాం. టైల్స్ మీద."

"ఎందుకు?"

"అక్కడ నాక్కూడా రాదు."

వంటింటి టైల్స్ మీద గవ్వలు టకటకా ఎగిరాయి. ఒకటి ఫ్రిజ్ కిందికి దొర్లిపోతే ఇద్దరూ నేల మీద పడుకుని గరిటెతో లాగారు. నిఖిలకి ఒకటి పడింది, రెండు పడ్డాయి, మళ్లీ ఒకటి. చాందినికి అష్టా పడింది. ఆమె కాయలన్నీ ముందు పండాయి.

"ఏం లక్ అక్కా!" అంది నిఖిల.

చాందిని నవ్వలేదు. కానీ పెదవి చివర కొంచెం పైకి లేచింది.

రెండో ఆట సగంలో ఉంది. నిఖిల కాయలు రెండు పండాయి. ఇంకొక్క పది నిమిషాలు ఆడితే గెలిచేది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

చాందిని గడియారం వైపు చూడకముందే నిఖిల అట్ట మీద గుండీలు తీసేసింది. గవ్వలు డబ్బాలో వేసి మూత పెట్టింది.

"అర్ధగంట అయిపోయిందక్కా," అంది. లేచి వెళ్లి, బేస్‌మెంట్ మెట్ల లైట్ వేసి, తలుపు తెరిచి పట్టుకుంది.