ఇరవయ్యేడో నంబరు

"ఈ కోచ్‌కి బుర్రంటూ ఉందా అసలు?"

సీజన్‌లో అది మొదటి ఆట. ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు. వాచీలు బాగుచేసే అతను ఇరవయ్యేడో నంబరు కుర్చీలోంచి సగం లేచి మరీ ఆ మాట అన్నాడు. ముందు వరసలో నలుగురు అవునవునని తలలూపారు. పక్క కుర్చీలో అమ్మాయి మాత్రం ఊపలేదు.

"ఉంది. మీకే ఓపిక లేదు," అంది.

అతను తిరిగి చూశాడు. ఒళ్ళో పొడుగాటి నోట్‌బుక్కు, చెవి మీద పెన్సిలు, మెడలో తాడుకి వేలాడుతున్న పాతకాలం స్టాప్‌వాచీ. ఆమె మాట్లాడుతున్నది అతనితోనే అయినా చూపు మాత్రం కోర్టు మీదే ఉంది.

"ఓపికా? ఎనిమిదో నంబరు వరసగా నాలుగు బాస్కెట్లు వేశాడండీ. ఊపు మీదున్న మనిషిని తీసుకెళ్ళి బెంచీ మీద కూచోబెడితే దాన్నేమనాలి?"

"రెస్టనాలి."

"సరే, వాడి బదులు ఎవర్ని దింపాడో చూశారా? పద్నాలుగుని! ఆ పొడుగు కాళ్ళవాడికి బంతి ఎటు నుంచి వస్తోందో కూడా తెలీదు."

"తెలీదు కాబట్టే దింపాడు. ఇప్పుడు కాకపోతే ఫైనల్లో నేర్పిస్తాడా?" అంటూ ఆమె నోట్‌బుక్కులో పద్నాలుగు ఎదురుగా టైము వేసుకుంది. "సీజన్ మొదట్లో ఆడేది గెలవడానికి కాదండీ. ఎవరు ఎవరి పక్కన కుదురుతారో చూసుకోడానికి."

ఆ ఆఖరి మాట ఆమె మామూలుగానే అంది. అతనికి మాత్రం తర్వాత జరిగిన ఆటంతా చెవిలో అదే మోగింది. టీమ్ ఆరు పాయింట్లతో ఓడిపోయింది. బస్టాపులో నిలబడి కోచ్‌ని తిట్టుకుందామని చూస్తే, పాపం, ఒక్క తిట్టూ గుర్తు రాలేదు.

రెండో శనివారం సంగతి తెలిసింది. ఇరవయ్యారో నంబరు కుర్చీ ఆమెది కాదు, వాళ్ళ నాన్నది. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. సీజన్ మొదలవడానికి రెండు రోజుల ముందు స్టూలెక్కి ఫ్యాను తుడవబోయి, స్టూలుతో సహా కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఈ చిన్న లీగు ఆటలు టీవీలో రావు. ఎవరు గెలిచారన్నది ఆయనకి పేపరు చెబుతుంది. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో చెప్పేవాళ్ళే లేరు. అందుకని నోట్‌బుక్కిచ్చి కూతుర్ని పంపాడు.

"అంటే మీరు సబ్‌స్టిట్యూటన్నమాట," అన్నాడు అతను.

"ఆరు వారాలు. కాలు అతుక్కోగానే ఆయన కోర్టుకి, నేను బెంచీకి."

ఇద్దరూ నవ్వుకున్నారు. అతని నవ్వు మాత్రం అంతలోనే ఆగిపోయింది. ఆరింటిలో ఒక వారం అప్పుడే అయిపోయింది. రెండో వారం ఇదిగో, హాఫ్ టైము దాటిపోతోంది.

"కాలు ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"బాగానే అతుక్కుంటోందట."

"అబ్బా, అప్పుడేనా!" అని నాలిక కరుచుకున్నాడు. "అంటే... ఎంత మంచి వార్త!"

ఆట అయ్యేసరికి వాన పట్టుకుంది. హాలు ముందు రేకుల షెడ్డు కింద పాతికమంది ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె దగ్గర గొడుగుంది గానీ తెరవలేదు. అతని దగ్గర గొడుగు లేదు, లేదనే బాధా లేదు. రేకుల మీద చప్పుడుకి మాట వినపడక ఇద్దరూ దగ్గరికి జరిగి గట్టిగా పోట్లాడుకున్నారు.

"పదిమందిని తిప్పి తిప్పి ఆడిస్తే ఎవరికీ చెయ్యి కుదరదు! కుదిరిన ఐదుగురిని కదపకూడదు!"

"కుదిరారని మీకెవరు చెప్పారు? రెండాటలకేనా?"

"కొందరు ఒక్క ఆటకే కుదురుతారండీ!"

ఆ మాట అరిచే సమయానికే వాన ఠక్కున వెలిసింది. పాతికమందీ వెనక్కి తిరిగి చూశారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తెరవని గొడుగు వంక శ్రద్ధగా చూసుకుంది.

మూడో శనివారం ఆమె రాగానే, "మా నాన్న మీకు జవాబు పంపారు," అంది. "మీ వాదనంతా చెప్పాను. ‘ఆ పక్క సీటతను ఒట్టి తొందరపాటు మనిషి’ అన్నారు."

"మీరేమన్నారు?"

"తొందరా పాడా, అతనంత నెమ్మదస్తుణ్ణి నేను చూళ్ళేదు నాన్నా అన్నాను."

ఇది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక అతను తల గోక్కున్నాడు.

"ఇంకో విషయం. మా నాన్నకి ఇరవయ్యేడు బాగా నచ్చేశాడు. ఆటాటకీ నిమిషాలు పెరుగుతున్నాయట. ఇంకా పెంచాలంటున్నారు."

"ఇరవయ్యేడా? మన టీమ్‌లో ఆ నంబరే లేదే!"

ఆమె గబుక్కున పేజీ తిప్పేసింది. "ఏడయ్యుంటుంది. నా రాత అలాంటిది లెండి."

ఆమె రాత అచ్చు వేసినట్టు ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు. రెండు వారాలుగా ఆ అక్షరాలనీ, పెన్సిలు పట్టుకున్న వేళ్ళనీ చూస్తూనే ఉన్నాడు మరి. అయినా అనుమానం రాలేదు.

మూడో క్వార్టర్లో ఆమె స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఆగిపోయింది. ఏడు నిమిషాల దగ్గర."

"ఇటివ్వండి. నా పనే అది." అతను అందుకున్నాడు. ఆమె చేతి వెచ్చదనం ఇంకా దాని మీద ఉంది. "అయినా ఎదురుగా అంత పెద్ద గడియారం ఉండగా మీకు దీంతో పనేంటండీ?"

"అది ఆట కోసం."

"మరి ఇది?"

"ఇది నాన్నది," అంది ఆమె. అడిగినదానికి అది జవాబు కాదని అతనికి నాలుగు రోజుల తర్వాత గానీ తట్టలేదు.

తర్వాతి రెండు శనివారాలూ టీమ్ వేరే ఊళ్ళలో ఆడింది. అప్పుడు తెలిసింది అతనికి, వారానికి శనివారం కాక ఇంకా ఆరు రోజులు ఉంటాయని.

వాచీల షాపు అతని అక్కది. అక్క కౌంటర్లో కూచుంటుంది, తమ్ముడు లోపల కంటికి భూతద్దం బిగించుకుని పని చేస్తాడు. స్టాప్‌వాచీ మూత తీస్తే లోపల పళ్ళచక్రం సందులో పెన్సిలు పొట్టు ఇరుక్కుని ఉంది. తీసి, తుడిచి, నూనె చుక్క వెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. బాగైపోయిన వాచీని అతను పొద్దున్నే కీ ఇచ్చి తిప్పేవాడు, సాయంత్రం మళ్ళీ తిప్పేవాడు. మధ్యలో కూడా, సరిగ్గా నడుస్తోందో లేదోనన్న వంక మీద, జేబులోంచి తీసి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఈ చప్పుడే ఆమె గుండెల మీద ఆడేదని తలచుకుని స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసేవాడు.

"ఒరేయ్, పది నిమిషాల పనికి పది రోజుల్నుంచీ దాన్ని చంకలో పెట్టుకు తిరుగుతున్నావు," అంది అక్క. "ఎవరిది?"

"ఒక కస్టమర్‌ది."

"చీటీ ఏదీ?"

అతను బిక్కమొహం వేశాడు. షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ చీటీ రాస్తాడు. పేరు, ఫోన్ నంబరు, ఎప్పుడు వచ్చి తీసుకోవాలో తేదీ. గోడ గడియారం తెచ్చిన పక్కింటి ఆవిడకి కూడా రాశాడు. ఈ ఒక్కదానికే రాయలేదు.

"పేరు?"

"తెలీదు."

"ఫోను?"

"అడగలేదు."

"ఉద్యోగమైనా తెలుసా, అదీ లేదా?"

"బ్లడ్ టెస్టులు చేసే ల్యాబులో పని. మైక్రోస్కోపులోంచి కళ్ళు తియ్యకుండా చేత్తో కౌంటరు నొక్కుతూ కణాలు లెక్కపెడుతుందట."

"అమ్మయ్య, ఆమాత్రం తెలుసుకున్నావు. నోరు తెరిచి అడగరా బాబూ. వాచీ ఇచ్చేశాక ఇంకేం వంక ఉంటుంది నీకు?"

అదే అతని భయం కూడా. ఖాళీ హాలు ముందు నుంచి బస్సు వెళ్ళేటప్పుడు రేకుల షెడ్డు వంక చూసేవాడు. వాన పడుతుంటే ఒకలా, పడకపోతే ఇంకోలా ఆమె గుర్తొచ్చేది. మాట్లాడాలని ప్రాణం కొట్టుకుపోయేది. అన్నిటికన్నా సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన కాలు ఇంకో రెండు వారాలు, పోనీ ఒక్క వారం, ఆలస్యంగా అతుక్కుంటే బాగుణ్ణని మనసులో కోరుకున్నాడు.

ఆరో శనివారం అతను అందరికన్నా ముందు వచ్చి కూచున్నాడు. చెప్పాల్సింది అప్పటికే వందసార్లు వల్లించుకున్నాడు. ఆమె వచ్చింది. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది.

"బుధవారం కట్టు విప్పేశారు," అంది. "వచ్చే శనివారం నాన్నే వస్తారు."

వల్లించుకున్నదంతా ఎగిరిపోయింది. "మంచిదండీ," అంది అతని నోరు.

ఆమె కోర్టు వైపు తిరిగింది. ఆట మొదలయ్యాక మెల్లగా అంది: "ఇవాళ కోచ్ ఎనిమిదిమందినే తిప్పుతున్నాడు, చూశారా? రొటేషన్ తగ్గించేశాడు. మీరు కోరుకున్నదే కదా."

"కోరుకున్నప్పుడు తెలీలేదండీ. ఎవరో ఒకరు బయట కూచోవాలి కదా."

ఆ ఆటలో మళ్ళీ ఇద్దరూ వాదించుకోలేదు. అతను నాలుగుసార్లు "మీరు..." అని మొదలుపెట్టాడు. రెండుసార్లు బజర్ మోగింది, రెండుసార్లు తనే దాన్ని దగ్గుగా మార్చేసుకున్నాడు. బయట ఒక్క చినుకూ లేదు. ఆమె షెడ్డు కింద ఊరికే ఒక నిమిషం నిలబడి, "వెళ్ళొస్తానండీ," అని వెళ్ళిపోయింది.

ఏడో శనివారం చేతికర్రతో వచ్చిన పెద్దాయన ఇరవయ్యారో నంబరు కుర్చీలో కూచుని ఉన్నాడు. ఒళ్ళో అదే నోట్‌బుక్కు. అతను నమస్కారం పెట్టి పక్కన కూలబడ్డాడు. కోర్టులోకి ఎవరు దిగుతున్నారో, ఎవరు బయటికొస్తున్నారో కళ్ళకి ఆనడం లేదు.

ఫస్ట్ హాఫ్ సగానికి వచ్చాక పెద్దాయన కర్రతో పక్క కుర్చీ వీపు మీద తట్టాడు. అక్కడ తెల్ల రంగుతో 27 అని రాసి ఉంది.

"బాబూ, ఈ నంబరు కుర్చీలో మొదటి ఆట నుంచీ కూచుంటున్నది నువ్వేనా?"

"నేనేనండీ."

"నేనేదో కొత్త ఆటగాడనుకున్నానయ్యా!" పెద్దాయన నోట్‌బుక్కు తెరిచాడు. "ఇదిగో, ఇరవయ్యేడు: మొదటి ఆట మూడు నిమిషాలు. రెండో ఆట పది. మూడో ఆట ఏడు, పక్కన ‘వాచీ ఆగిపోయింది, ఇంకా ఎక్కువే’ అని రాసింది. కుర్రాడు పైకొస్తున్నాడు, ఇంకా ఆడించాలని నా దోస్తులందరితో ఫోన్లో దెబ్బలాడాను. కాలుతో పాటు నీకు బుర్ర కూడా చిట్లిందా అన్నారు వాళ్ళు."

అతను నోట్‌బుక్కు మీదకి వంగాడు.

"పోయిన వారం పేజీ ఇందాకే చదివాను. చూడు."

అచ్చు వేసినట్టున్న అక్షరాలు: *ఇరవయ్యేడు: ఇరవై రెండు నిమిషాలు. అంతసేపూ ఆట వదిలేసి నన్నే చూశాడు. ఒక్క మాటా అడగలేదు.*

కింద ఇంకేమీ లేదు. చుక్క దగ్గర పెన్సిలు మొన గట్టిగా ఒత్తుకుని కాగితానికి కన్నం పడింది. అతను ఆ కన్నాన్ని వేలితో తడిమాడు.

"తను... ఇవాళ రాలేదాండీ?"

"రాకేం. టికెట్టు కొనుక్కుని పై గ్యాలరీలో స్తంభం వెనక నిలబడింది. నాకు కనపడటం లేదనుకుంటోంది. నలభై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, వెనక ఎవరున్నారో చూసుకోకుండా ఉంటానా?" పెద్దాయన నోట్‌బుక్కు అతని చేతిలో పెట్టాడు. "ఈ కాలితో నేను ఆ మెట్లెక్కలేను. కాబట్టి రొటేషన్. నువ్వు దిగు."

"ఆట మధ్యలోనాండీ?"

"నువ్వేం చూస్తున్నావు గనకయ్యా ఆట!"

అతను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఆమె నిజంగానే స్తంభం వెనక ఉంది. ఖాళీ అయిన ఇరవయ్యేడో కుర్చీ వంక కంగారుగా చూస్తోంది. చేతిలో స్టాప్‌వాచీ టిక్కుటిక్కుమంటోంది. అతన్నీ, అతని చేతిలో నోట్‌బుక్కునీ చూసి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాచీ వంక చూసుకుంది.

"మీరసలు నా వైపే తిరగలేదు కదండీ. ఎలా లెక్కపెట్టారు?"

"ఒకవైపు చూస్తూ ఇంకోటి లెక్కపెట్టడమే నా ఉద్యోగం," అంది, తలెత్తకుండా.

ఎక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా కూడా అతను ఆగలేదు. "మీరంటే నాకు ప్రాణమండీ. కానీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ ఆరు వారాలూ మీ నాన్నగారి కాలు నయం కాకూడదని కోరుకున్నాను."

ఆమె అప్పుడు తలెత్తింది. కళ్ళనిండా నీళ్ళు, అయినా పెదాలు నవ్వుతున్నాయి.

"మీరెవరో పైవాళ్ళు. నేను కన్నకూతుర్ని," అంది. "నేనూ కోరుకున్నాను."

ఆమె వేలు కదిలింది, స్టాప్‌వాచీ ఆగిపోయింది. ఎన్ని నిమిషాలైందో ఇద్దరూ చూడలేదు. కింద పద్నాలుగో నంబరు ఎట్టకేలకి ఒక బాస్కెట్ వేశాడు. హాలంతా హోరెత్తింది. అయినా వాణ్ణి బయటికి పిలవబోతున్న కోచ్ మీద ఇరవయ్యారో కుర్చీలోంచి లేచిన గొంతు పైదాకా వినిపించింది.

"ఉండనీవయ్యా వాణ్ణి! ఇప్పుడేగా కుదిరాడు!"